ఇంకను ఒక్క రాయి

పెట్టీఫర్ గారికి ఉన్న జబ్బు ఒక్కటే. మొదలుపెట్టిన పని పూర్తిచెయ్యరు. మిగతా అన్ని విషయాల్లో ఆయన బంగారం. తాగి రారు, గొంతెత్తి మాట్లాడరు, మాడిన రొట్టె పెట్టినా బాగుందంటారు. కానీ పూర్తిచెయ్యరు.

మా ఆయన తోర్మోద్ కూడా పూర్తిచెయ్యడు. గోడ సగం కట్టి, పైపు ముట్టించి, మిగతా సగం వచ్చే ఏడంటాడు. అది బద్ధకం. పెట్టీఫర్ గారిది బద్ధకం కాదు, అందుకే నాకు మరింత ఒళ్ళుమంట. తెల్లారకముందే లేచి, వానైనా మంచైనా లెక్కచెయ్యకుండా, సుత్తి పట్టుకుని కొండెక్కేవారు. జమీందారు దొరగారి ఎస్టేటులో ఏ కొండ కింద ఏ రాయి ఉందో పటం గీయడానికి ఒక్క వేసవికని వచ్చిన మనిషి, పన్నెండు వేసవులు మా ఇంట్లో తిష్ఠ వేశారు. పటం ఎంతవరకు వచ్చిందని ఎవరు ఎప్పుడు అడిగినా జవాబు ఒకటే.

"ఇంకను ఒక్క రాయి చూడవలసియున్నది."

ఆ భాషేమిటంటారా? ఆయనది ఇంగ్లండు. మా గేలిక్ భాష నేర్చుకుందామని చూస్తే ఆయనకు దొరికిన అచ్చుపుస్తకం బైబిలొక్కటే. దాన్ని ఆమూలాగ్రం వల్లెవేసి మా కొండల్లోకి దిగారు. దాంతో ఆయన ఉప్పు అడిగినా ప్రవక్త అడిగినట్టే ఉండేది. మొదటిరోజు పొద్దున్నే నా ముందు నిలబడి, "ఓ స్త్రీ, నీ కోడి గ్రుడ్లు పెట్టియున్నదా?" అన్నారు. ఓ స్త్రీ ఎవరా అని నేను వెనక్కి తిరిగి చూశాను. ఆ తర్వాత చాలాకాలం మా అక్నగ్రేన్ ఊళ్ళో నన్నెవరూ మార్సలీ అని పిలవలేదు. రేవులో చేపలమ్మేవాడు కూడా, "ఓ స్త్రీ, నీకు హెర్రింగులు కావలెనా?" అనేవాడు.

అసలాయన వచ్చిన రోజే ఊళ్ళో గగ్గోలు పుట్టింది. మా కొండల్లో ఒంటరిగా తిరుగుతూ వాగుల్లోకి తొంగిచూసేవాడు ఎక్సైజువాడు తప్ప ఇంకెవడవుతాడు? జలపాతం వెనక గుహలో తోర్మోద్ సారా కాగు ఉంది. తాతలనాటి కాగు. ఈయన తిన్నగా అక్కడికే వెళ్ళారు. తోర్మోద్ పొదల్లోకి దూకి నక్కాడు. పెట్టీఫర్ గారు కాగును చూడనైనా చూడలేదు. కాగు కింద ఆనించిన మూడు రాళ్ళలో ఒకదాన్ని పట్టుకుని లాగారు. కాగు ఒరిగింది. చలికాలానికి సరిపడా సారా వాగులో కలిసి సముద్రానికి పోయింది. ఆయన ఆ రాయిని వెలుతురులో తిప్పితిప్పి చూస్తూ మురిసిపోయి, ఎవరితో అంటున్నారో తెలియకుండా గట్టిగా అన్నారు.

"ఈ రాయి ఈ కొండది కాదు! ఎవడు దీనిని ఇచ్చటికి తెచ్చెను?"

"మా తాత!" అని పొదల్లోంచి జవాబొచ్చింది.

నా మొగుడి సంగతి అది. నోట్లో నువ్వుగింజ నానదు. దాక్కున్నవాడు పలుకుతాడటయ్యా అని నేను తిడితే, "అడిగాడు కదే మరి, చెప్పకపోతే మర్యాదేనా?" అన్నాడు.

మర్నాడు ఎస్టేటు ఏజెంటు గిల్‌క్రిస్ట్ గుర్రం మీద వచ్చి అసలు సంగతి చెప్పాడు. ఈయన ఎక్సైజువాడు కాదు. ఎక్సైజువాడైతే బాగుండేదని మేం అనుకునేంత పెద్ద సంగతి అది. మా లోయలో తెల్ల పాలరాయి ఉందని దొరగారికి ఎవరో చెప్పారు. దక్షిణాదినుంచి ఒక కంపెనీ గని తవ్వడానికి సిద్ధంగా ఉంది. పాలరాయి ఎక్కడెక్కడ ఉందో పెట్టీఫర్ గారు పటం గీసి సంతకం పెడితే చాలు. అది మా ఇళ్ళ కింద ఉందని తేలితే ఊరు ఊరంతా లేచి సముద్రపు ఒడ్డున రాతిముక్కు మీదికి పోవాలి. అక్కడ గొర్రె కూడా నిలబడదు, గాలికి పడిపోతుంది. మా అమ్మమ్మ వాళ్ళను పక్క లోయలోంచి అలాగే పంపారు. వెళ్ళనన్న వాళ్ళ ఇంటికప్పులు తగలబెట్టారు. ఆ కథ వింటూ పెరిగినవాళ్ళం మేం. సారా కాగు పోతే ఇంకోటి పెట్టుకుంటాం గానీ, ఇల్లు పోతే ఎక్కడ పెట్టుకుంటాం?

పైగా రాయి విషయంలో పెట్టీఫర్ గారి మాటంటే లండనులో వేదవాక్కట. ఆల్ప్స్ కొండలన్నీ కాలినడకన తిరిగి పుస్తకాలు రాశారట. పండితుల సభ బంగారు పతకం ఇచ్చిందట. పతకం మాట నిజమే, నేను చూశాను. మా ఇంట్లో తలుపు గాలికి కొట్టుకోకుండా దాన్ని కింద దోపేవారు.

ఆయన మా ఇంట్లో ఎలా దిగారో చెప్పాలి. గిల్‌క్రిస్ట్ వచ్చి వెళ్ళిన రోజు వాన. తలదాచుకుంటానని లోపలికి వచ్చారు. మా పొయ్యి అందరిళ్ళలోలాగే ఇంటి నడుమ నేల మీద ఉంటుంది. కాకపోతే మా తాతలు బండ తెచ్చి వెయ్యలేదు. నేలలోంచి తనంతట తాను లేచిన బండ మీదే పొయ్యి పెట్టి, చుట్టూ ఇల్లు కట్టారు. వందేళ్ళ మసితో అది నా కుండ అడుగు కన్నా నల్లగా ఉంటుంది. ఈయన దాని ముందు మోకాళ్ళ మీద కూలబడ్డారు. ప్రార్థన చేస్తున్నారేమో అనుకున్నాను. జేబుకత్తి తీసి ఓ మూల మసి గీకారు. చిన్న సీసా తీసి ఒక చుక్క వేశారు. నా పొయ్యి బుస్సుమని నురగ కక్కింది!

"అయ్యయ్యో! ఏం పోశావయ్యా నా పొయ్యి మీద? రాత్రిళ్ళు దేవుడి పేరు చెప్పి నిప్పు కప్పుకునే పొయ్యి ఇది!" అని గరిటె ఎత్తాను.

ఆయన ఆ నురగ ఆరిపోయేదాకా చూశారు. తర్వాత తలెత్తి పొగచూరిన కప్పును చూశారు, అటు చివర కట్టేసిన ఆవును చూశారు, గరిటెతో సహా నన్ను చూశారు.

"ఓ స్త్రీ, నీ గృహమందు ఒక పరదేశికి చోటు కలదా?"

"పొయ్యిని పాడుచేసేవాళ్ళకి లేదు!"

తోర్మోద్ నన్ను పక్కకి లాగాడు. "ఉండనీవే. దొర మనిషి. వేరేవాళ్ళింట్లో ఉంటే ఏం రాస్తున్నాడో మనకెలా తెలుస్తుంది? ఇంట్లో ఉంటే కనిపెట్టి ఉండొచ్చు."

మా ఆయన జీవితంలో తెలివిగా మాట్లాడింది ఆ ఒక్కసారే అనుకుంటాను. అలా దిగారు పెట్టీఫర్ గారు. ఆ నురగకు అర్థమేమిటని అడిగితే ఆయన కోడిగుడ్డు పెంకు మీద చుక్క వేశారు. నురగ. నత్తగుల్ల మీద వేశారు. నురగ. "చూచితివా? అనేకములు నురుగును" అన్నారు. నాకేమీ అర్థం కాలేదు, ఒక గుడ్డు మాత్రం దండగైంది.

ఇక నా దూలం గోల వినండి. మా ఇంటికప్పు మధ్యదూలం అప్పటికే పగిలి ఉంది. మా వైపు చెట్లు లేవు. దూలం కావాలంటే సముద్రం దయతలచి ఏ మునిగిన ఓడ కొయ్యో ఒడ్డుకు తోసేదాకా ఆగాలి. నాకా ఏడు మంచి కొయ్య దొరికింది. మగవాళ్ళు నలుగురు మోసుకొచ్చి గోడవారన పడేశారు. ఇప్పుడు దాన్ని ఎక్కించాలా వద్దా? ఎక్కించాక ఊరు ఖాళీ చెయ్యమంటే, కప్పు విప్పి దూలం తీసుకుపోనిస్తారా? ఎక్కించకపోతే ఏ గాలివానకో కప్పు మా నెత్తిన పడుతుంది. అందుకని శరదృతువు రాగానే, ఆయన పెట్టె సర్దుకుంటుండగా అడిగేదాన్ని.

"అయ్యా, ఒక్క మాట. ఔననండి, కాదనండి. మా ఇళ్ళ కింద ఆ మాయదారి పాలరాయి ఉందా లేదా? దూలం ఎక్కించుకోనా, వద్దా?"

"అమ్మా, ఇంకను ఒక్క రాయి చూడవలసియున్నది."

"పోయినేడాది కూడా అదే అన్నారు!"

"పోయిన సంవత్సరమును అది నిజమే."

ఇలాంటి మనిషితో ఎవరు వేగగలరు చెప్పండి? ప్రతి ఏడూ నేను పాత దూలానికి ఒక గుంజ ఊతం పెట్టుకునేదాన్ని. కొన్నాళ్ళకు మా ఇల్లు గుంజల మధ్య దారి వెతుక్కుంటూ నడిచే ఇల్లయింది. కొత్త దూలం మీద కోళ్ళు కాపురం పెట్టాయి.

దానికి తోడు ఇంట్లో రాళ్ళు! జేబుల్లో రాళ్ళు, బూట్లలో రాళ్ళు, మేజోళ్ళలో మూటకట్టిన రాళ్ళు. జావలో గరిటె తిప్పితే టంగుమనేది. అన్నిటికన్నా పెద్ద పీడ పొయ్యి దగ్గరి గుట్ట. కొండల్లో ఏరినవీ, దేశాలనుంచి పెట్టెలో తెచ్చినవీ అన్నీ పొయ్యిబండ చుట్టూ కోటగోడలా పేర్చారు. దాన్ని తన్నుకోని రోజు నాకు లేదు. నా కాలి బొటనవేలి గోరు ఆ పన్నెండేళ్ళూ సరిగ్గా పెరగలేదు. ఒకసారి ఆయన కొండ మీద ఉండగా మొత్తం ఎత్తి ఆవు పాకలో పారేశాను. సాయంత్రం వచ్చి చూసి, ఒక్కొక్కటే కడిగి తెచ్చి మళ్ళీ అక్కడే పేర్చారు.

"ఇవి ఇచ్చటనే యుండవలెను, అమ్మా."

"ఎందుకండీ? గోడవార పెట్టుకోకూడదా?"

కాసేపు ఆలోచించారు. "వీటికి చలి" అన్నారు.

"రాళ్ళకి చలేమిటండీ!"

"ఇవి మంచుయుగమునుండి వచ్చినవి."

తోర్మోద్ ఆ మాట నమ్మాడు. మర్నాడు ఆవు కప్పుకునే గోనెపట్టా తెచ్చి గుట్ట మీద కప్పాడు.

ఆదివారాలైనా ఆయనతో సుఖం లేదు. ఆదివారం మా ఊళ్ళో పనిచెయ్యడం పాపం. సుత్తి కూడా పనిముట్టే కాబట్టి, సంఘపెద్ద రూరీ చర్చి గుమ్మంలోనే ఆయన జేబులు తడిమి సుత్తి తీసుకునేవాడు. ఒకరోజు ఫాదిరి గారు రెండుగంటలు ప్రసంగించి, ఊపిరి పీల్చుకోవడానికి ఆగారు. చర్చంతా నిశ్శబ్దం. అప్పుడు పెట్టీఫర్ గారు లేచి నిలబడి, "ఇది మొదటినుండి తలక్రిందులుగా నున్నది!" అన్నారు. ఫాదిరి గారి ముఖం ఎర్రబడింది. ఆయనన్నది కిటికీ పక్క గోడలో తిరగేసి కట్టిన రాయి గురించి. అది తేలేలోపల వెనక వరసలో రూరీ, "నేనూ ఎన్నాళ్ళనుంచో అదే అనుకుంటున్నా" అని పైకే అనేశాడు. వాళ్ళిద్దరికీ మూడేళ్ళు మాటల్లేవు.

ఏజెంటు గిల్‌క్రిస్ట్ ఏటా వేసవి చివర వచ్చేవాడు. వచ్చి గుమ్మంలో నిలబడి అరిచేవాడు.

"ఏమయ్యా పెట్టీఫర్, పటం పూర్తయిందా?"

"ఇంకను ఒక్క..."

"రాయి! తెలుసు! ఏం రాయయ్యా అది? ఎక్కడుంది? నాకు చూపించు, బండికెత్తించి నీ కాళ్ళ దగ్గర పడేయిస్తా!"

"అది బండికెక్కునది కాదు."

అయితే దొర ఈయన్ని తీసేసి ఇంకొకర్ని పెట్టుకోలేదేం అంటే, దానికి కారణముంది. పెట్టీఫర్ గారు జీతం పుచ్చుకోరు. తిండికీ బసకూ ఆయన సొంత డబ్బే ఇచ్చుకుంటారు. మా దొరగారు ఇంటికొచ్చిన అతిథి తాగి వదిలేసిన టీ ఆకులు ఎండబెట్టించే రకం. ఊరికే పనిచేసే మనిషిని ఎలా వదులుకుంటాడు?

ఒకే ఒక్కసారి, కంపెనీవాళ్ళు మరీ పోరితే, ఎడిన్‌బరోనుంచి ఒక యువపండితుణ్ణి రప్పించాడు. పసుపుపచ్చ చేతితొడుగులు వేసుకుని వచ్చాడు. పెట్టీఫర్ గారు వాణ్ణి రేవులోనే పట్టుకుని, తిన్నగా కొండమీదికి తీసుకుపోయారు. అక్కడ ఒక బండ ముందు కూర్చోబెట్టి వాదం మొదలుపెట్టారు. అది ముడతపడిన రాయా, పడనిదా? పైది ముందు పుట్టిందా, కిందది ముందు పుట్టిందా? వానలో వాదం, పొగమంచులో వాదం. వారం తిరిగేసరికి ఆ కుర్రపండితుడికి జలుబు చేసి, గొంతు పోయి, ఓడిపోయానని సైగచేసి ఓడెక్కాడు. ఊళ్ళోకి అడుగే పెట్టలేదు. వచ్చినవాడికి ఇంత వేడి పాలైనా ఇవ్వలేదే అని నేను నొచ్చుకుంటుంటే, వాణ్ణి సాగనంపిన తోర్మోద్ తిరిగొచ్చి చెప్పాడు.

"ఎందుకొస్తాడే? మనింట్లో గజ్జి ఉందని ఈయన చెప్పాడట."

"ఏమిటీ?"

"మనకే కాదులే. ఊరందరికీ ఉందన్నాడట."

ఆ రోజు నేను ఆయనకు రాత్రి భోజనం పెట్టలేదు. రోజూ నేల ఊడ్చి, వారానికోసారి దుప్పట్లు ఉడకబెట్టే ఇల్లు నాది! ఆయన ఆకలితో మూల కూర్చుని, రాళ్ళు తుడుచుకుంటూ, "క్షమించుము, అమ్మా. మా పండితులు గజ్జికి తప్ప దేనికిని భయపడరు" అన్నారు. అర్థమయ్యే మాట ఒక్కటీ మాట్లాడరు కదా అని ఇంకా మండింది.

తోర్మోద్ తెచ్చిన కబురు ఇంకొకటి ఉంది. ఒక పెద్ద కళాశాలవాళ్ళు పెట్టీఫర్ గారికి ఆచార్య పదవి ఇస్తామన్నారట. మా కొండల పటం అచ్చు వేయించి తెమ్మన్నారట. ఏళ్ళ తరబడి చూసి, ఈయన ఇవ్వలేదని, ఆ పసుపు తొడుగులవాడికి ఇచ్చేశారట. నాకు కోపం పోయి బాధేసింది. రొట్టె ముక్క, జున్ను తీసుకెళ్ళి ఆయన ముందు పెట్టాను.

"ఏమిటండీ ఈ ఖర్మ? మాకు మేలా కీడా అన్నది దేవుడికి తెలుసు. మీ బతుకైనా మీరు చూసుకోవద్దా? మీకు రావలసినది ఆ ముక్కుకారేవాడికి పోయిందే!"

"అతడు పనులు ముగించువాడు, అమ్మా. లోకమునకు అట్టివారును కావలెను" అని రొట్టె కొరికారు. నిమ్మకు నీరెత్తినట్టు ఉన్నారు. ఆ మనిషిని పట్టుకుని కుదిపేద్దామా అనిపించింది.

చివరి వేసవి వచ్చింది. ఆ ఏడు గిల్‌క్రిస్ట్ ముఖం వేరుగా ఉంది. దొరగారికి అప్పులవాళ్ళు మెడమీద కూర్చున్నారట. పంటకోతలయ్యేలోపు పటం రాకపోతే కంపెనీ మనుషులే గునపాలతో దిగి, ఇంటింటి నేలా తవ్వి చూస్తారని చెప్పాడు. చెప్పి ఊరుకోలేదు. జేబులోంచి ఒక చిన్న సీసా తీశాడు, అచ్చం పెట్టీఫర్ గారి దగ్గర ఉన్నదానిలాంటిదే.

"నేనూ నేర్చుకున్నానయ్యా. పాలరాయి మీద ఈ చుక్క పడితే నురగొస్తుంది. ఇవాళ నీ బసతోనే మొదలుపెడతా" అంటూ వంగి లోపలికి వచ్చాడు.

పన్నెండేళ్ళనాడు నా పొయ్యి బుస్సుమన్న సంగతి అప్పుడు గుర్తొచ్చింది. గుడ్డుపెంకూ నత్తగుల్లా చూపించి ఆయన నా నోరు మూయించిన సంగతీ గుర్తొచ్చింది. పెట్టీఫర్ గారి వంక చూశాను. ఆయన ముఖం మసి గీకిన బండలా తెల్లబోయి ఉంది.

వెలుతురులోంచి చీకటింట్లోకి వచ్చినవాడికి ఏం కనబడుతుంది? గిల్‌క్రిస్ట్ మొదటి గుంజకు తల కొట్టుకున్నాడు, రెండో గుంజను కావలించుకున్నాడు, మూడో అడుగులో రాళ్ళగుట్టను తన్నుకుని ఆవు కుడితితొట్టిలో పడ్డాడు. సీసా గుట్ట మీద పడి బద్దలైంది. గుట్ట సగం బుసబుసా నురగ కక్కింది.

"నురగ! ఇదిగో నురగ! పాలరాయి!" అని తొట్టిలోంచే అరిచాడు.

"అది ఆల్ప్స్ పర్వతములది" అన్నారు పెట్టీఫర్ గారు.

"మరి ఇదో?"

"అది నార్వే దేశపుది."

"దాని పక్కనున్నది?"

"అది ఈ అమ్మ వండిన కోడి యొక్క గ్రుడ్డుపెంకు."

గిల్‌క్రిస్ట్ కుడితి ఓడుతూ లేచాడు. "వచ్చే వారం గునపాలొస్తాయి. అప్పుడు చూస్తా ఏది ఎక్కడిదో!" అని గుర్రమెక్కాడు. నేను పొయ్యి పక్కన కూలబడి ఏడ్చాను. పెట్టీఫర్ గారు చెదిరిన రాళ్ళను మళ్ళీ పేర్చడం మొదలుపెట్టారు. వారిస్తారా అని చూశాను, ఓదారుస్తారా అని చూశాను. పేర్చుతూనే ఉన్నారు.

గునపాలు రాకముందే తోర్మోద్ వచ్చాడు. రేవునుంచి పరుగెత్తుకుంటూ, టోపీ ఎక్కడో పారేసుకుని, ఇంటిబయటినుంచే అరుస్తూ వచ్చాడు. లండనులో చట్టమైందట. ఓడ తెచ్చిన పేపరులో ఉంటే బడిపంతులు రేవులోనే నిలబడి అందరికీ చదివి వినిపించాడట. చిన్న రైతు కౌలు కట్టినంత కాలం వాణ్ణి ఇంట్లోంచి కదిపే హక్కు ఏ జమీందారుకూ లేదట.

పెట్టీఫర్ గారు లేచి నిలబడ్డారు. "మరల చెప్పుము" అన్నారు.

తోర్మోద్ మళ్ళీ చెప్పాడు.

"కౌలు చెల్లించినంత కాలము ఎవడును కదల్పజాలడా? ఇంటి క్రింద ఏమి యున్నను?"

"ఇంటికింద నరకమున్నా సరే కదపడానికి లేదట!"

"కౌలు చెల్లించియున్నావా?"

"ఆవుదూడనమ్మి నేనే కట్టానండీ, ఆయన చేతికిస్తానా?" అన్నాను.

ఆయన పిండిపెట్టె మీది సామాను తీసి కింద పెట్టారు. పెద్ద కాగితం పరిచారు. సిరా తీశారు. కొండకు వెళ్ళలేదు, సుత్తి ముట్టలేదు, ఏ పుస్తకమూ తెరవలేదు. ఈల వేసుకుంటూ గీశారు. లోయ గీశారు, వాగు గీశారు, జలపాతం గీశారు, మా ఇళ్ళు వరసగా గీశారు. వాటి కిందుగా ఒక తెల్ల పట్టీ ఈ చివరనుంచి ఆ చివరకు గీశారు. నేను పొయ్యి మీద పెట్టిన బంగాళాదుంపలు ఉడికాయి, పటం అయిపోయింది. కింద సంతకం పెట్టి ఇసుక చల్లారు.

నేను గరిటె పట్టుకుని నిలబడిపోయాను. "అయిపోయిందా?"

"ముగిసినది."

"మరి ఆ ఒక్క రాయి? చూడవలసిన రాయి?"

ఆయన మోకాళ్ళ మీద కూర్చున్నారు. గుట్టలోని రాళ్ళు ఒక్కొక్కటే తీసి పక్కన పెట్టారు. పొయ్యిబండ అంచు బయటపడింది. జేబుకత్తితో మసి గీకారు. ఈసారి ఓ మూల కాదు, అరచేయంత. దాని కింద తెల్లగా, నా పెళ్ళినాటి బట్టకన్నా తెల్లగా, పాలరాయి.

"ఇదియే ఆ రాయి, అమ్మా. దీనిని పూర్తిగా చూడవలసియుండెను. దీనిమీద ఎల్లప్పుడును నీ కుండ యుండెను."

నేను గరిటె ఎత్తాను. "పన్నెండేళ్ళు! పన్నెండేళ్ళు గుంజల మధ్య బతికానే! రోజూ ఆ రాళ్ళు తన్నుకుని ఏడ్చానే! ముందే ఒక్క ముక్క చెప్పి చావకూడదా?"

"నీకు చెప్పినయెడల తోర్మోద్‌కు తెలియును. తోర్మోద్‌కు తెలిసినది రేవుకు తెలియును."

"అది మాత్రం నిజమేనే" అన్నాడు తోర్మోద్.

"పోనీ పాలరాయి లేదని ఆ గిల్‌క్రిస్ట్‌తో అనేస్తే ఒక్క ఏడాదిలో తెమిలేది కదండీ!"

ఆయన నొచ్చుకున్నట్టు చూశారు. "రాయి విషయమున అబద్ధమాడుటయా? ఎన్నడును లేదు." గుట్ట వంక చూసి, గొంతు తగ్గించారు. "ఒక్కటి ఆడితిని. వాటికి చలి లేదు."

నేను నవ్వానో ఏడ్చానో నాకే తెలియదు. గరిటె పారేసి ఆయన చెయ్యి పట్టుకున్నాను. ఆ చెయ్యి రాళ్ళకన్నా గరుకుగా ఉంది. పోయిన పదవి, అచ్చుకాని పటం, ఆ కుర్రపండితుడి పసుపు తొడుగులు, అన్నీ కళ్ళముందు తిరిగాయి. ఏటా అడిగేదే అడిగాను.

"మరి దూలం?"

"దూలము ఎక్కించుము, అమ్మా."

ఆ శనివారమే ఎక్కించాం. కోళ్ళు ఒప్పుకోలేదు, వాటిని కొట్టి దించవలసి వచ్చింది. గిల్‌క్రిస్ట్ పటం చూసుకుని, తెల్ల పట్టీ మీద వరసగా ఉన్న మా ఇళ్ళను లెక్కపెట్టుకుని, చుట్టి జేబులో పెట్టుకుపోయాడు. కంపెనీ గునపాలు వచ్చిన ఓడలోనే తిరిగి వెళ్ళాయి.

పెట్టీఫర్ గారిని సాగనంపడానికి ఊరంతా రేవుకు వెళ్ళింది. మా వైపు ఒక మాట ఉంది. మేలు చేసినవాడితో, "నీ గుట్ట మీద ఒక రాయి వేస్తాం" అంటాం. అంటే, నువ్వు పోయాక దారిపక్క నీ పేరున రాళ్ళగుట్ట పేరుస్తాం, అటు వెళ్ళినప్పుడల్లా ఒక రాయి వేసి నిన్ను తలుచుకుంటాం అని. ఇంతకు మించిన కృతజ్ఞత మా భాషలో లేదు. తోర్మోద్ టోపీ తీసి, కళ్ళు తుడుచుకుని, ఆ మాట అన్నాడు. ఆడవాళ్ళందరం ముక్కులు చీదుకున్నాం.

పెట్టీఫర్ గారు ఓడ మెట్టు మీద ఆగి, వెనక్కి తిరిగారు. "ఏ రాయి?" అన్నారు.

"ఏ రాయైనా ఒకటేగా బాబూ!"

"ఒకటి కాదు!" అన్నారు ఆదుర్దాగా. ఏ రాయి ఎందుకు మంచిదో చెప్పడం మొదలుపెట్టారు. ఆ మాట పూర్తికాకుండానే ఓడ కదిలింది.

తర్వాత ఎన్నో ఏళ్ళకు, ఇంగ్లండులో, సుఖంగా ముసలితనం వచ్చి పోయారని కబురొచ్చింది. ఇప్పుడు రేవుదారి మలుపులో ఆయన గుట్ట ఉంది. తోర్మోద్ చేతికందిన రాయి విసిరి పోతాడు. నేనలా వెయ్యలేను. ఒకటి తీస్తాను, ఇది మరీ మామూలుదనిపిస్తుంది. ఇంకొకటి తీస్తాను, ఇది ఇక్కడిది కాదేమో అనిపిస్తుంది. నీళ్ళలో తడిపి వెలుతురులో తిప్పి చూస్తాను. చేపలబుట్ట నెత్తిన పెట్టుకుని తోర్మోద్ దారిలో నిలబడి అరుస్తుంటాడు.

"ఓడ వెళ్ళిపోతోందే తల్లీ! ఎంతసేపు? ఇంకా అవలేదా?"

"ఉండవయ్యా, అరవకు. ఇంకొక్క రాయి చూడాలి."